ఆరిపోకుండా ఒక దమ్ము

భోజనాల బల్ల మీద సిగరెట్టు హోల్డరు రెండు ముక్కలై పడి ఉంది. ఒక ముక్కలోంచి సన్నటి రబ్బరు గొట్టం, వెంట్రుకంత తీగ బయటికి వేలాడుతున్నాయి. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. టీ కప్పులు కూడా, అదేదో అంటుజబ్బు మనిషైనట్టు, దానికి దూరంగా బల్ల ఆ చివర్న చేరాయి.

రాత్రి దాన్ని విరిచినప్పటి నుంచి ఉలుకూ పలుకూ లేని మావయ్య అప్పుడు నోరు విప్పాడు.

"దర్జీ అయినా టేపు చూపించి కొలుస్తాడమ్మా."

కోడలు తల దించుకుంది.

"చెయ్యెత్తండి, అటు తిరగండి, అని చెప్పి మరీ కొలుస్తాడు. నువ్వు నా ఊపిరిని నాకు తెలీకుండా కొలిచావు."

"చెప్పి కొలిస్తే మీరు మామూలుగా కాల్చరు మావయ్యా. ఫొటోకి నిలబడ్డట్టు బిగుసుకుపోతారు."

"పొగలో విషం తగ్గించే హోల్డరు అన్నావు."

"అన్నాను."

"అబద్ధం."

"అబద్ధమే."

ఇంత సూటిగా ఒప్పేసుకుంటే ఇక పోట్లాడ్డానికి ఏం మిగులుతుంది? మావయ్య కుర్చీ కిటికీ వైపు తిప్పుకున్నాడు. ఆయన బ్యాండు మాస్టరు. జీవితమంతా క్లారినెట్ ఊదిన మనిషి. ఒక్క ఊపిరితో ఆయన ఎంత దూరం రాగం లాగేవాడో చెప్పుకునే వాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆ ఊపిరి మీద ఆయనకి ఉన్న గర్వం ఇంట్లో ఇంకెవరి మీదా లేదని అత్తయ్య దెప్పుతుంటుంది.

"బాగా కొలిచింది!" వంటింట్లోంచి అత్తయ్య గొంతు. "డాక్టరు గడ్డి పెట్టి పంపినా బుద్ధి రాని మనిషిని ఇంకేం చెయ్యాలి? ఒక్కటి కూడా వద్దన్నాడా లేదా? ఇలాగే కాలిస్తే ఆక్సిజన్ సిలిండరుతో కాపురం చెయ్యాలన్నాడా లేదా?" ఆ వెంటనే పొడి దగ్గు. ఈ మధ్య ఆవిడ తిట్లకి ఆ దగ్గే ముగింపు పలుకుతోంది.

"నేను తేలిక రకమే కాలుస్తున్నానే!" మావయ్య కిటికీతో చెబుతున్నట్టు అన్నాడు. "డాక్టరుకి పెట్టె చూపించాను. పెట్టె మీద తారు అంకె చూపించాను. ఆ అంకె వేసిందెవరు? మన కోడలమ్మాయి ల్యాబే కదా. ఆ రకానికి మారమని చెప్పిందెవరు? మన అమ్మాయే కదా. నేను దాని మాట విన్నాను. అది నా మాట నమ్మలేదు."

ఆ మాట కోడలికి సూటిగా తగిలింది. నిజమే. పెళ్ళైన కొత్తలో, ఘాటు సిగరెట్లు కాల్చే మావయ్య దగ్గరికి వెళ్ళి, "మానలేకపోతే కనీసం ఇవి కాల్చండి, తేలిక" అని పెట్టె చేతిలో పెట్టింది తనే. అప్పుడు తను ల్యాబులో కొత్త, అంకెల మీద నమ్మకం కొత్త.

ఆమె మొగుడు టోపీ పెట్టుకుంటూ బయటికొచ్చాడు. బస్సు డ్రైవరు. రోడ్డు మీద ఎంత రద్దీలోనైనా దూరిపోతాడు గానీ, ఇంట్లో గొడవ కనబడితే మాత్రం చుట్టుదారి పడతాడు.

"నాకు డ్యూటీ టైమైంది," అన్నాడు ఎవరూ అడక్కుండానే.

"వెళ్ళు నాయనా, నీ బస్సైనా వేళకి కదలాలి," అంది అత్తయ్య.

వీధిలో మంచు దట్టంగా ఉంది. దీపపు స్తంభాలు నడుము దాకా కనబడి పైన మాయమవుతున్నాయి. కోడలు ల్యాబు వైపు నడుస్తుంటే ఊరంతా ఎవరో మెల్లగా వదిలిన పొగలో తేలుతున్నట్టు అనిపించింది. మావయ్య తన మీద కోపగించుకుంటే ఆమెకి ఇంత బెంగ వేసేది కాదు. ఆయన నొచ్చుకున్నాడు. నొచ్చుకున్నా సరే, ఆయన చేత ఆ సిగరెట్టు మాన్పించాలి. అందుకు తన నోటితో తనే చెప్పిన అంకెని తనే కాదనాలి.

హోల్డరు విరిగితే విరిగింది. అది మోసుకొచ్చిన దమ్ములన్నీ అంతకుముందే ల్యాబు కంప్యూటరుకి చేరాయి.

*

ల్యాబులో పొగ తాగే యంత్రానికి గాజు గది ఉంది. గుండ్రటి చక్రం, దాని చుట్టూ వరసగా నోళ్ళు, ప్రతి నోట్లో ఒక సిగరెట్టు. యంత్రం నిమిషానికి ఒక్క దమ్ము లాగుతుంది. రెండు క్షణాల చిన్న దమ్ము. మళ్ళీ నిమిషం దాకా ఏమీ పట్టనట్టు ఊరుకుంటుంది. దానికి దిగులు లేదు, విసుగు లేదు, పెళ్ళాంతో పోట్లాట లేదు. అది లాగిన పొగలోంచి తెల్లటి ప్యాడు మీద మిగిలిన తారుని తూచి పెట్టె మీద అంకె వేస్తారు.

యంత్రాన్ని చూసుకునే మెకానిక్‌ని అందరూ మీసాలాయన అంటారు. ఆ పేరు ఎందుకొచ్చిందో ఎవరికీ చెప్పక్కర్లేదు.

"రోజు పని అయిపోయింది. చక్రం ఖాళీ," అన్నాడు మధ్యాహ్నం. "మీ మావగారి దమ్ములు ఎక్కించనా?"

"ఎక్కించండి."

"రంధ్రాలు?"

కోడలు ఒక సిగరెట్టు తీసి వెలుతురుకి పట్టింది. ఫిల్టరు చుట్టూ సూది మొనంత రంధ్రాలు. తేలిక రకం గుట్టంతా వాటిలోనే ఉంది. లాగినప్పుడు వాటిలోంచి గాలి దూరి పొగని పల్చన చేస్తుంది. యంత్రం ఫిల్టరుని చివర మాత్రమే పట్టుకుంటుంది కాబట్టి ఆ రంధ్రాలు తెరిచే ఉంటాయి. కానీ మావయ్య సిగరెట్టు పట్టే తీరు ఆమెకి కంఠతా వచ్చు. క్లారినెట్ మూతి పట్టినట్టే పట్టుకుంటాడు, పిసరంత గాలి జారిపోకుండా, పెదాలు చుట్టూ బిగించి. ఇన్నేళ్ళ విద్య ఎక్కడికి పోతుంది?

"మూసెయ్యండి," అంది.

మీసాలాయన ప్రతి ఫిల్టరుకీ సన్నటి టేపు చుట్టాడు. మీట నొక్కాడు.

కోడలు గాజు దగ్గర స్టూలు లాక్కుని కూర్చుంది. యంత్రం లాగింది. అది రోజూ లాగే దమ్ము కాదు. పొడుగ్గా, నిండుగా, అడుగంటా. నిప్పు ఎర్రబడి, పసుపు రంగుకి తిరిగి, బూడిద ముందుకి జరిగింది. కాస్త ఆగింది. వెంటనే చిన్న దమ్ము ఇంకొకటి, మర్చిపోయిన మాట చివర్లో కలిపినట్టు. మళ్ళీ విరామం.

ఆ విరామం ఆమెకి తెలుసు. సాయంత్రం డాబా మీద ఆయన క్లారినెట్ ఊదేటప్పుడు చరణానికీ చరణానికీ మధ్య సరిగ్గా అంతే ఆగేవాడు. గాజు అవతల పొగ మెల్లగా పైకి లేస్తోంది. అందులో మావయ్యే కాలు మీద కాలేసుకుని కూర్చున్నట్టూ, ఇంకాసేపట్లో ఇటు తిరిగి "టీ ఏదమ్మా" అంటాడన్నట్టూ అనిపించింది. మధ్యలో ఒకచోట వరసగా రెండు పెద్ద దమ్ములు వచ్చాయి. అత్తయ్య వంటింట్లోంచి ఏదో అని ఉంటుంది. కోడలికి నవ్వొచ్చింది, నవ్వుతోపాటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఒకటే సిగరెట్టు. చూడండి ఎలా మారిపోయిందో," అంది మెల్లగా.

"మారదా మరి? అదే పొయ్యి, అదే సరుకు. మంట పెంచితే వంట మారదూ?" మీసాలాయన గాజు మీద వేలితో తట్టాడు. "గట్టిగా లాగితే నిప్పు మండిపోతుంది. ఊరికే పక్కన కాలిపోవాల్సిన ఆకు కూడా దమ్ములోనే కాలి లోపలికెళ్తుంది. తారు పెరుగుతుంది, బొగ్గు గాలి, అదే కార్బన్ మోనాక్సైడు, పెరుగుతుంది, కళ్ళు మండించేవి పెరుగుతాయి. అన్నీ ఒకే లెక్కన పెరగవు, అదీ గొడవ."

చక్రం ఆగాక ఆయన రెండు సిగరెట్టు పీకలు అరచేతిలో పెట్టుకొచ్చాడు. పొద్దున యంత్రం మామూలుగా కాల్చిన దాని ఫిల్టరు చివర మధ్యలో గోధుమరంగు బొట్టు, చుట్టూ తెల్లటి అంచు. రంధ్రాల్లోంచి వచ్చిన గాలి ఆ అంచుని శుభ్రంగా ఉంచింది. మావయ్య తీరుగా కాల్చినది అంచు దాకా ఒకటే గోధుమరంగు.

"రోడ్డు మీద ఏ పీక తీసి చూసినా ఈ రెండోదానికి దగ్గరగానే ఉంటుంది," అన్నాడు. "ఇలా బొట్టు పడేట్టు, తీరిగ్గా, పెదవంటీ అంటనట్టు కాల్చే మనిషి భూమ్మీద లేడమ్మా. ఉంటే ఒక్కణ్ణి చూపించు, మీసం తీసేస్తా."

తూకం వచ్చింది. పెట్టె మీది అంకెకి నాలుగింతల పైనే. కోడలు ప్యాడులు రెండూ మూతలున్న గాజు పళ్ళాల్లో పెట్టి సంచిలో వేసుకుంది. ఒకటి లేత గడ్డిరంగు. రెండోది పాత ఇత్తడి మీద మకిలి రంగు.

*

మావయ్య డాబా మీద ఉన్నాడు. పొద్దు వాలింది. ఎదురింటి కిటికీల్లో దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. ఆయన వేళ్ళ మధ్య సిగరెట్టు, పక్కన బూడిద డబ్బా. కోడలు నేల మీద కూర్చుని గాజు పళ్ళాలు రెండూ ఆయన ముందు పెట్టింది.

"ముందు ఒక మాట, మావయ్యా. హోల్డరు విషయంలో తప్పు నాదే. ఇకమీదట మీకు తెలీకుండా ఏదీ కొలవను. మీతో అబద్ధమాడను. ఒట్టు."

ఆయన పళ్ళాల వైపు చూశాడు.

"ఇదెవరిది?"

"యంత్రానిది. పెట్టె మీద అంకె దీన్ని తూచి వేసిందే."

"మరిదీ?"

కోడలు ఆ పళ్ళాన్ని ఆయన వైపు జరిపింది.

"నాదా?"

"మీరు లాగినట్టు యంత్రం చేత లాగించాం. పెట్టెడు కూడా కాదు, కొన్నే."

మావయ్య మూత తీసి వాసన చూశాడు. మొహం చిట్లించాడు. పళ్ళెం ఎత్తి ఆ గోధుమరంగు వృత్తాన్ని వెలుతురుకి పట్టి చూశాడు.

"తేలిగ్గా ఉందని ఇంకాస్త గట్టిగా లాగేవాణ్ణి," అన్నాడు చివరికి. "పెదాలు బిగిస్తే కాస్త రుచి తగిలేది. అదీ విద్యేననుకున్నాను."

"రంధ్రాలు మూసుకుపోయేవి మావయ్యా."

"అంటే నా ఊపిరి బలమే నా కొంప ముంచిందన్నమాట." నవ్వబోయాడు, అది దగ్గయింది. "మరి ఆ అంకె దొంగదా?"

"అంకె నిజమే. యంత్రానికి నిజం. మనిషిని అడక్కుండా వేసిన అంకె. అది ఆలోచించకుండా నేను మీకు ఇచ్చాను."

కింద వంటింట్లోంచి పొడి దగ్గు వినిపించింది. ఆగి, మళ్ళీ వచ్చింది. మావయ్య చెవి అటే వేశాడు.

"నా సంగతి వదిలెయ్యమ్మా. నేను కోరి తెచ్చుకున్నాను. ఆవిడ ఏం పాపం చేసింది? పొగ నేను తాగి దగ్గు ఆవిడకిచ్చాను. ఇన్నేళ్ళూ తేలిక రకమేగా, ఇంట్లో వాళ్ళకేం కాదులే అనుకున్నాను." చేతిలోని సిగరెట్టుని డబ్బాలో గట్టిగా నలిపాడు. "ఏమే! ఒకసారి పైకి రా!"

అత్తయ్య చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. మావయ్య జేబులోంచి పెట్టె, లైటరు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

"నీ చేత్తోనే పారెయ్. డాక్టరు కోసం కాదు, నా కోసమూ కాదు. నీ దగ్గు పోవాలి. అది చాలు నాకు."

అత్తయ్య ఎగిరి గంతేస్తుందనుకుంది కోడలు. ఆవిడ పెట్టెకేసి చూసి, భర్తకేసి చూసి, మొహం తెల్లబోయి నిలబడింది. ఏళ్ళ తరబడి పోట్లాడి గెలిచిన మనిషిలా లేదు.

"రేపు చెత్తబండి వచ్చినప్పుడు వేస్తాలెండి," అంది. "అంత తొందరేం?"

సంతోషం తట్టుకోలేక అలా అందనుకుంది కోడలు. ఆ రాత్రి అన్నం దగ్గర మావయ్య తనంతట తనే ఆమెని "అమ్మా, ఇంకొంచెం వడ్డించుకో" అని పలకరించాడు. బల్ల మీద హోల్డరు ముక్కలు లేవు. ఎవరు తీశారో ఎవరూ అడగలేదు. చాలాకాలం తర్వాత ఆమె కంటి నిండా నిద్రపోయింది.

*

తెల్లారేసరికి మంచు మళ్ళీ దిగింది. రాత్రి పెరటి మెట్ల మీదికి చేరిన మావయ్య బూడిద డబ్బాని పారేద్దామని కోడలు అక్కడికి వచ్చింది. ఇక దాని అవసరం లేదు కదా అన్న ఉత్సాహం. డబ్బా వంచితే పీకలు కాగితం మీద పడ్డాయి. ల్యాబు అలవాటు ఊరుకోదు, ఒక్కొక్కటీ తిప్పి చూసింది. అంచు దాకా గోధుమరంగు. అంచు దాకా గోధుమరంగు. ఇంకోటి కూడా అంతే.

నాలుగోదాని దగ్గర చెయ్యి ఆగిపోయింది.

మధ్యలో చిన్న బొట్టు. చుట్టూ తెల్లటి అంచు.

నిన్న ల్యాబులోంచి కోటు జేబులో పడి వచ్చిందేమో అనుకుంది ముందు. ఇంకోటి కనబడింది. ఇంకోటి. అడుగున బూడిదతో కలిసి నల్లబడ్డ పాతవి కూడా. యంత్రం ఈ ఇంటికొచ్చి, ఎవరికీ తెలీకుండా, తీరిగ్గా నిమిషానికో దమ్ము లాగి పోతున్నట్టు ఉంది. అన్నిటికంటే కొత్తగా ఉన్నదాన్ని ముట్టుకుంది. అది ఇంకా వెచ్చగా ఉంది.

బట్టలు ఉతికే అరుగు వైపు నుంచి మంచులోకి ఒక సన్నటి పొగతీగ లేస్తోంది.

అత్తయ్య అరుగు మీద కూర్చుని ఉంది. చేతిలో సిగరెట్టు, పక్కన రాత్రి మావయ్య ఇచ్చిన పెట్టె. కోడల్ని చూసి ఉలిక్కిపడలేదు. దాచుకోనూ లేదు. ఎప్పుడో ఒకనాడు ఈ మనిషే పట్టుకుంటుందని తెలిసిన దానిలా చూసింది.

"మీరా అత్తయ్యా!"

"అరవకు. ఆయన లేచే వేళ."

కోడలు పక్కన కూలబడింది. అత్తయ్య తనే చెప్పుకొచ్చింది, కలలో మాట్లాడుతున్నంత నెమ్మదిగా.

"బ్యాండుతో ఊళ్ళు పట్టుకు తిరిగేవారు. వెళ్తే నెలలు. కొన్నాళ్ళకి దిండులో, చొక్కాల్లో ఆయన వాసన పోయేది. అప్పుడు ఒకటి వెలిగించి గిన్నె అంచున పెట్టేదాన్ని. ఆయనే ఇంట్లో కూర్చున్నట్టుండేది. కానీ దాని మానాన దాన్ని వదిలేస్తే ఆరిపోయేదమ్మాయ్." వేళ్ళ మధ్య ఉన్నదాన్ని చూసుకుంది. "ఆరిపోకుండా అప్పుడప్పుడు ఒక దమ్ము. అంతే. రుచి కోసం కాదు."

"ఇప్పుడు మావయ్య ఇంట్లోనే ఉన్నారు కదా."

"ఉన్నారు. పొద్దున్నే ఆ దగ్గు వింటే భయమేస్తుంది. ఈసారి వెళ్తే తిరిగొచ్చే ఊరు కాదు కదా." ఆవిడ బూడిద దులిపింది. "ఆ భయం పట్టినప్పుడల్లా ఇక్కడికొస్తాను."

కోడలికి తిట్టాలనిపించింది, వాటేసుకోవాలనిపించింది. రెండూ చెయ్యలేకపోయింది.

"మీ దగ్గు..."

"నాకు తెలీదా నా దగ్గు ఎక్కడిదో? ఆయన మాత్రం తన వల్లే అనుకుని మానేశారు. ఇది తెలిస్తే మళ్ళీ ముట్టిస్తారు. ఇన్నేళ్ళు నేను తిట్టిన తిట్లన్నీ నాటకమంటారు. నా మొహం చూడరు." కోడలి మణికట్టు పట్టుకుంది. "ఆయనకి చెప్పకు. నేను మానేస్తాను. ఇదే ఆఖరు."

"ముందు ఇటివ్వండి," అంటూ కోడలు ఆవిడ వేళ్ళలోంచి సిగరెట్టు లాక్కుంది.

లోపల క్లారినెట్ పలికింది. ఎన్నాళ్ళైందో ఆ గొంతు విని. ఒక్క స్వరం, సన్నగా, వణుకుతూ మొదలై, నిలబడి, మంచులోకి సాగింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి విన్నారు. స్వరం తెగింది. దగ్గు. మళ్ళీ మొదలవుతుందని ఎదురుచూశారు గానీ, మొదలు కాలేదు. బదులుగా చెప్పుల చప్పుడు వినిపించింది.

పెరటి తలుపు తెరుచుకుంది. మావయ్య చేతిలో క్లారినెట్ ఉంది. గాలిలో వాసన పట్టి, ముందు అరుగు మీది పెట్టెని చూశాడు. తర్వాత కోడలి చేతిని చూశాడు. రాత్రంతా ఆయన మొహంలో ఉన్న వెలుగు మెల్లగా వెనక్కి తగ్గింది.

"ఇది కూడా కొలతేనా అమ్మా?"

అవునంటే నిన్న వేసిన ఒట్టు మంటగలుస్తుంది. కాదంటే పక్కనున్న మనిషి గుట్టు బయటపడుతుంది. అత్తయ్య కళ్ళు నేల మీదే ఉన్నాయి. కోడలి వేళ్ళ మధ్య సిగరెట్టు, ఎవరూ లాగకపోవడంతో, మెల్లగా ఆరిపోతోంది.